ఉద్దేశమును తెల్పు పదబంధములు: ఆవల, లోపల

ఒకని పని వెనుకనున్న తలంపును చెప్పుటకు ఆంగ్లమున కొన్ని జంటపదములు కలవు. అందు మిక్కిలి వాడుకలో నున్నది ‘అల్టీరియర్ మోటివ్’. లాటిను మూలమును బట్టి ‘మోటివ్’ అనగా కదలించునది. ‘అల్టీరియర్’ అనగా ఆవలిది. పైకి చెప్పినదానికి ఆవలనున్న కారణమని భావము. ఆవలిదే కాని చెడ్డదని దాని మూలార్థము కాదు. మన పత్రికలు తరచుగా దీనిని ‘దురుద్దేశము’ అని తెనిగించుచున్నవి. ఇది నాకు సమ్మతము కాదు.

2004లో ధర్మపురినుండి వేరుపడిన కృష్ణగిరి జిల్లాలో జవళగిరి కలదు. తెలుగు, కన్నడము, తమిళము మూడును వినబడు సీమ యది. అచ్చటి రైతొకడు పొరుగువానికి తన పొలముగుండ బండిదారి విడిచె ననుకొందము. వేసవిలో ఆ పొరుగువాని బావినీరు తనకు దొరకునని ఆశ. ఆశను దాచినాడు గాని కీడు తలపెట్టలేదు. దీనిని ఆంగ్లమున అల్టీరియర్ మోటివ్ అనవచ్చును. తెలుగున దురుద్దేశ మనినచో, పదిమందిలో అది నిందయై నిలుచును. విడిచిన దారియు మూతపడును. ‘మనసులో ఒకటి పెట్టుకొని ఇచ్చినాడు’ అనిన చాలదా?

తమిళులు ఇట్టిదానిని ‘ఉళ్‌నోక్కం’ అందురు, అనగా లోచూపు. మనకు ఆంతర్యము, లోగుట్టు, కడుపులోని మాట కలవు. ఆంగ్లేయు డావల వెదకినదానిని మనవారు లోపల వెదకిరి. (ఆంగ్లమున లోపలి మాటలు లేవని కాదు, ఈ జంటలో లేవు.) ‘మిక్స్‌డ్ మోటివ్స్’ అనుదానికి క్రొత్తమాట కల్పింప బనిలేదు, స్వామికార్యము, స్వకార్యము అని మనవా రెప్పుడో జతపరచిరి.

‘ఇంప్యూటింగ్ మోటివ్స్’ విషయము వేరు. అందు చెడుగను తెల్పు విశేషణము లేకున్నను ఆక్షేపణ స్ఫురించును. ‘ఉద్దేశములను ఆపాదించిరి’ అని మక్కికి మక్కిగా వ్రాసినచో, ఏ ఉద్దేశములని పాఠకు డడుగును. ‘అంటగట్టిరి’ అనిన ఆ ప్రశ్న రాదు. మనకు నింద క్రియలోనే యున్నది.

జవళగిరి ప్రాంతమున మరియొక చిక్కు కలదు. తమిళమున ‘ఉత్తేశం’ అనుదానికి తలంపు అను అర్థముతోపాటు అంచనా అను అర్థమును కలదు. ‘ఉత్తేశమాగ’ అనగా ఇంచుమించుగా. బడిలో తమిళము చదివి, ఇంట తెలుగాడు పిల్లవానికి ‘ఉద్దేశపూర్వకముగా కొట్టినాడు’ అను వాక్యము చూపినచో, గురి తప్పి తగిలిన దెబ్బ యని తలచిన తలచును. ‘కావలెనని కొట్టినాడు’ అనిన వానికి సందేహ ముండదు.