మా ఆటసామాన్ల గది

మా బడి ఆటసామాన్ల గది చూడటానికి చక్కగా ఉంటుంది. ప్రతి పెట్టె మీదా తెలుగులోనూ తమిళంలోనూ పేరు రాశారు. స్టాకు రిజిస్టరు కూడా సరిగ్గా ఉంది. అది మెచ్చుకోవాల్సిందే. కానీ ఆ సర్దుడు లెక్క చూపడానికి బాగుంది గానీ, ఆడుకోవడానికి కాదు.

4 కిలోల షాట్‌పుట్ గుండు పై అరలో పెట్టారు. చెయ్యి జారితే కాలు విరుగుతుంది. అలాంటివి నేలమీదే ఉండాలి. వాలీబాల్ 260 నుంచి 280 గ్రాములే కాబట్టి అది పైన ఉండొచ్చు. వానకు తడిసిన నెట్టును అలాగే చుట్టేస్తే బూజు పట్టి దారం పాడైపోతుంది. ఆరాకే చుట్టాలి.

అన్నిటికన్నా పెద్ద లోపం వేరే ఉంది. ఆడపిల్లలం ఎక్కువగా ఆడే టెన్నికాయిట్ రింగులు, త్రోబాల్ క్రికెట్ కిట్ల వెనకాల ఉన్నాయి. వాటిని బయటికి తీసేసరికి సగం పీరియడ్ అయిపోతుంది. తాళంచెవి కూడా ఎప్పుడూ క్రికెట్ జట్టు దగ్గరే ఉంటుంది.

దీనికి కొత్త బీరువా అక్కర్లేదు. బరువైనవి కింద పెట్టాలి, రోజూ ఆడేవి ముందు పెట్టాలి, తాళంచెవి వారానికో తరగతికి ఇవ్వాలి. సామాను పోతుందని పెద్దల భయం. తీసుకునేటప్పుడూ తిరిగిచ్చేటప్పుడూ సంతకం పెట్టించుకుంటే చాలు. జోనల్ పోటీలకు ముందే ఈ మార్పు చేస్తే మేమూ రోజూ ప్రాక్టీసు చేసుకోగలం.