తొండి లేని యుద్ధం

పులిజూదానికి కూర్చున్న ఇద్దరు మొదట చేసేది ఆట కాదు, పంచాయితీ. మేకలన్నీ దించాకే కదపాలా, మధ్యలో కదపొచ్చా? దూకే అవకాశం ఉంటే పులి దూకి తీరాలా? ఒక్కో ఊరికి ఒక్కో కట్టు. ముందే మాట అనుకోకపోతే పదో ఎత్తుకల్లా "తొండి!" అన్న కేక వినబడుతుంది. నా దృష్టిలో రూల్‌బుక్ అంటే ఆ కేకకి ముందే రాసిపెట్టుకున్న జవాబు.

ప్రాచీన యుద్ధాలని చిన్న చిన్న సైనికుల బొమ్మలతో బల్ల మీద ఆడేవాళ్ళకి ఇలాంటి జవాబులు డజన్లకొద్దీ పుస్తకాలుగా దొరుకుతాయి. బల్ల మీద కొండలు, నదులు, పొలాలు అమర్చుతారు. దళాలని కొలత ప్రకారం జరుపుతారు. రెండు దళాలు తలపడితే పాచికలు వేస్తారు. వీటిలో ఏ పుస్తకం ఎంచుకోవాలన్నది హాబీ ప్రశ్నలా కనబడుతుంది గానీ, నాకది విమర్శకుడి ప్రశ్నే. ఎందుకంటే సైన్యాలు ఎందుకు ఓడిపోతాయి అనేదాని మీద ప్రతి రూల్‌బుక్కుకీ ఒక సొంత కథ ఉంటుంది. పుస్తకం కొన్నామంటే ఆ కథని ఒప్పుకున్నట్టే.

విజయవాడలో కూర్చుని ఆడేవాళ్ళకి పరీక్ష పెట్టడానికి యుద్ధం దగ్గర్లోనే ఉంది. భువనేశ్వర్ పక్కన ఉదయగిరి కొండ మీద ఖారవేలుడి హాథిగుంఫా శాసనం ఉంది. శాతకర్ణిని లెక్కచేయకుండా గుర్రాలు, ఏనుగులు, కాల్బలం, రథాలు ఉన్న సైన్యాన్ని పడమటికి పంపాననీ, అది కణ్హబెంణ నది దాకా వెళ్ళిందనీ అందులో చెప్పుకున్నాడు. ఆ నది మన కృష్ణేనని కొందరు చరిత్రకారులంటారు, వైనగంగ వైపు నది అని మరికొందరు. అదే శాసనంలో పిథుండ అనే పట్టణాన్ని గాడిదల నాగలితో దున్నించానని కూడా ఉంది. టాలెమీ పేర్కొన్న పితుండ్ర ఇదేనని చాలామంది అభిప్రాయం. టాలెమీ దాన్ని మైసోలియాలో చూపించాడు. మైసోలియా అంటే మచిలీపట్నం చుట్టుపక్కల తీరదేశం. అంటే దున్నినవాడి మాట రాతి మీద మిగిలింది. దున్నించుకున్న ఊరి మాట ఎక్కడా మిగల్లేదు.

నాకు రూల్‌బుక్‌తో పని పడేది ఇక్కడే. శాసనంలో ఒకటే వైపు ఉంటుంది. బల్లకి రెండు వైపులుంటాయి. అవతలి కుర్చీలో కూర్చున్నవాడికి కూడా గెలిచే దారి ఉండాలి. ఓడితే ఎందుకు ఓడాడో అర్థం కావాలి. అది లేని ఆట శాసనాన్ని మళ్ళీ చదవడమే. మన సినిమాల్లో జరిగేది దాదాపు ఇదే. 'బాహుబలి'లో (2015) త్రిశూల వ్యూహం అంటూ పేరు పెట్టి మరీ వివరిస్తారు, చివరికి గెలిపించేది మాత్రం కథానాయకుడి కండబలం. 'గౌతమీపుత్ర శాతకర్ణి'లోనూ (2017) అంతే. శత్రువు చచ్చిపోవడానికే పుట్టినట్టుంటాడు. చూడ్డానికి బాగుంటుంది, కాదనను. కానీ అది తొండి.

ఇక పుస్తకాల సంగతి. మూడింటిని పక్కపక్కన పెట్టి చూద్దాం.

రిక్ ప్రీస్ట్‌లీ రాసిన 'హెయిల్ సీజర్' (2011) నిండుగా, పండగలా ఉంటుంది. ఇందులో దళాన్ని కదిపే ముందు ఏం చేయబోతున్నదీ పైకి చెప్పాలి. తర్వాత రెండు పాచికలు వేసి, వచ్చిన మొత్తాన్ని సేనాని సామర్థ్యంతో పోల్చాలి. పాచిక కలిసొస్తే ఒకటి నుంచి మూడు కదలికలు. కలిసిరాకపోతే మాట గాలికి పోయినట్టే. రెండూ ఆరులు పడితే అసలుకే మోసం. ఈ పుస్తకం చెప్పే కథ: ఆజ్ఞకీ ఆచరణకీ మధ్య ఉన్న దూరమే సైన్యాలని ఓడిస్తుంది. కథగా నాకిది చాలా ఇష్టం. కానీ దీని అందమంతా పెద్ద బల్ల మీద, వందల బొమ్మలతోనే బయటికొస్తుంది. ఆ బొమ్మలు తెప్పించి, రంగులు వేసి, దాచుకోవాలంటే విజయవాడ ఫ్లాట్‌లో ఒక గది వాటికి రాసిచ్చేయాలి.

సైమన్ మిల్లర్ రాసిన 'టు ది స్ట్రాంగెస్ట్' (2014) పేకాట తెలిసినవాళ్ళకి ఇట్టే పట్టుబడుతుంది. బల్లంతా గడులే కాబట్టి కొలతల గొడవ లేదు. పాచికల బదులు ఆసు నుంచి పది దాకా పేకముక్కలు వాడొచ్చు. దళాన్ని కదపాలంటే ముక్క తీయాలి, ఆసు వస్తే పని కాదు. అదే దళాన్ని మళ్ళీ కదపాలంటే ఈసారి వచ్చేది ముందు ముక్క కంటే పెద్దదై ఉండాలి. ఎనిమిది మీద ఉండి కూడా ఇంకొక్కసారి లాగుదామా అనిపించే ఆ క్షణం ఉందే, అదే ఈ పుస్తకం. దీని కథ ప్రకారం సైన్యాలని ఓడించేది సేనాని ఆశ. బాగానే ఉంది గానీ, ఆట ఎంత బిగిస్తుందంటే కాసేపటికి నదీ ఏనుగూ మర్చిపోయి చేతిలో ముక్క గురించే ఆలోచిస్తాం.

మూడోది ఫిల్ బార్కర్ తదితరుల 'డి.బి.ఎ.' (1990). వైపుకి పన్నెండంటే పన్నెండు దళాలు. వంతుకి ఒకే పాచిక. దాని మీద ఎంత పడితే అన్ని కదలికలే. ఒకటి పడిందా, పన్నెండిట్లో దేని సంగతి చూసుకోవాలో తేల్చుకోవాలి. సేనాని దృష్టికి ఒక హద్దుంది, ఓటమి ఆ హద్దు అవతల మొదలవుతుంది అన్నది దీని కథ. నాలుగు దళాలు పోతే దాదాపు ఆట ముగిసినట్టే. నది ఎలాంటిదో మొదట ఎవరికీ తెలియదు. మొదటి దళం నీళ్ళలో దిగాక పాచిక వేస్తే తెలుస్తుంది. ఆనకట్టలు లేని కాలంలో కృష్ణ దాటబోయే సైన్యానికి ఇంతకంటే నిజాయితీ అయిన రూల్ రాయడం కష్టం.

ఏనుగు విషయంలోనూ అంతే. వెనక్కి తగ్గే ఏనుగు దారిలో సొంత దళం అడ్డమొస్తే దాన్నీ తొక్కేస్తుంది. మన దగ్గర ఈ సంగతి రాతిలో ఏనాడో చెక్కారు. చెన్నై మ్యూజియంలో ఉన్న అమరావతి పలకలో ఒకే వలయంలో నాళాగిరి రెండుసార్లు కనబడుతుంది. ఒకచోట వీధిలో జనాన్ని తొక్కుతూ, పక్కనే బుద్ధుడి ముందు మోకరిల్లి. ఏనుగంటే బలమూ ప్రమాదమూ ఒకే ఒంట్లో ఉండటమని ఆ శిల్పికి తెలుసు. బార్కర్‌కీ తెలుసు. మన యుద్ధ సినిమాలకే ఇంకా పూర్తిగా తెలియదు.

డి.బి.ఎ.లో నాకు నచ్చనిది సైన్యాల జాబితా. "క్లాసికల్ ఇండియన్" అనే ఒక్క పేరు కింద క్రీ.పూ. 500 నుంచి క్రీ.శ. 545 దాకా అందర్నీ కట్టేశారు. వెయ్యేళ్ళకి పైగా మగధ, ఆంధ్ర, కళింగ ఒకేలా పోరాడినట్టు. దీన్ని సరిచేయాలంటే మన దగ్గర లెక్కలు రెండున్నాయి. ఒకటి మహాభారతంలోది. అక్షౌహిణికి 21,870 రథాలు, 21,870 ఏనుగులు, 65,610 గుర్రాలు, 1,09,350 కాల్బలం. అంటే ఒక ఏనుగుకి అయిదుగురు. రెండోది ప్లినీ ఇచ్చింది. ఆంధ్రులకి ముప్ఫై కోట పట్టణాలు, లక్ష కాల్బలం, 2,000 గుర్రాలు, 1,000 ఏనుగులు ఉన్నాయని రాశాడు. అంటే ఒక ఏనుగుకి వందమంది. రథాల ఊసే లేదు.

మొదటిది కావ్యం లెక్క, రెండోది ఎవరో విని రాసుకున్న లెక్క. అక్షరాలా ఏదీ నమ్మనక్కర్లేదు. అయినా ఎంచుకోక తప్పదు. ఎందుకంటే మొదటి లెక్కతో ఆడితే యుద్ధం రాజులది, రెండోదానితో ఆడితే నడిచి వచ్చినవాళ్ళది. డెల్టా వైపుకి నేను ప్లినీనే తీసుకుంటాను: పది కాల్బలం, ఒక ఆశ్వికం, ఒక ఏనుగు. ఖారవేలుడికి ఆయన చెప్పుకున్న నాలుగు అంగాలూ ఇచ్చేద్దాం. దీనికి తోడు ముందే అనుకోవాల్సిన కట్టు ఒకటుంది: తడిసిన వరిపొలంలోకి రథం దిగకూడదు. అలెగ్జాండర్‌తో పోరులో పోరసు రథాలు వాన బురదలో కూరుకుపోయాయని కర్టియస్ రాశాడు. మన రేగడి ఆ బురదకి తీసిపోదు.

కాబట్టి నా ఓటు డి.బి.ఎ.కే. వైపుకి పన్నెండు అట్టముక్కలు కత్తిరించుకుంటే చాలు, బొమ్మలు లేకున్నా నడుస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, ఆట గంటలో అయిపోతుంది. గంటలో అయిపోయే ఆటలో కుర్చీలు మార్చుకుని మళ్ళీ ఆడొచ్చు. మొదటి గంట ఖారవేలుడివైతే రెండో గంట పిథుండవి. ఇందాక నువ్వు తిట్టుకున్న పాచికే ఇప్పుడు నిన్ను కాపాడుతుంది. ఇందాక నీకు అడ్డొచ్చిన వరిపొలమే ఇప్పుడు నీ కోట. ఆ ఊరు మనకి ఏమీ రాసివ్వలేదు. కనీసం అది నిలబడిన వైపు నుంచి ఒకసారి చూసే వీలు ఈ పుస్తకం ఇస్తుంది.