ఈ బొమ్మ ఎవరి పేరున?

ఫిబ్రవరి 28 జాతీయ సైన్స్ దినోత్సవం. ఆ రోజు మా బడిలో తొమ్మిదో తరగతి పిల్లలు ‘కంప్యూటర్‌లో సవర చిత్రకళ’ అని పేరు పెట్టి మూడు బొమ్మలు గోడకు అంటించారు. ఒకటి ఏఐని అడిగి తెప్పించింది. ఒకటి ట్యాబ్‌తో తీసిన ఫొటో. మూడోది స్క్రాచ్ ప్రోగ్రాం రాసి గీయించింది. మొదటి బొమ్మకే మేము మొదటి బహుమతి ఇచ్చాం. రంగు నిగనిగలాడుతోంది, గీత ఎక్కడా వణకలేదు, చూసినవాళ్ళంతా బాగుందన్నారు. ఒక పిల్లాడి అవ్వ మాత్రం దాని ముందు చాలాసేపు నిలబడి, “ఇది ఎవరి పేరున రాసినారు, మేస్టారూ?” అని అడిగింది. మా దగ్గర జవాబు లేదు.

ఆ ప్రశ్న పట్టుకుని మూడు బొమ్మల్నీ మళ్ళీ చూశాం. బహుమతి తప్పు బొమ్మకు ఇచ్చామని ఇప్పుడు అనుకుంటున్నాం. ఎందుకో చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు మా సంగతి చెప్పాలి. మేము జాతాపులం. పార్వతీపురం మన్యంలో సవరలూ మేమూ పక్కపక్క గూడల్లో బతుకుతాం, ఒకే సంతకు పోతాం. అయినా మా ఇంటి గోడ మీద ఆ బొమ్మ ఎప్పుడూ లేదు. ఉపాధ్యాయ శిక్షణలోనూ దాని గురించి మేము చదువుకోలేదు. తెలియనిదానికి మార్కులు వేశాం.

సవరలు ఈ బొమ్మని ఎడిసింగ్ అంటారు. ఒడిశా వైపు ఇడితాల్ అంటారు. ఆ మాటలో రాయడం, గోడ రెండూ ఉన్నాయి. అందుకే అవ్వ ‘వేసినారు’ అనలేదు, ‘రాసినారు’ అంది. ఇంట్లో జబ్బు చేసినప్పుడు, చనిపోయిన పెద్దలు కలలోకి వచ్చినప్పుడు, పంటల పండగ వేళ దీన్ని రాయిస్తారు. ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండి తెలుపుతో, పుల్లనే కుంచెగా చేసుకుని రాస్తారు. ముందు అంచు గీస్తారు. ఆ అంచే ఇల్లు. తరవాత లోపలికి జరుగుతూ మనుషుల్ని, చెట్లని, ఏనుగుల్ని, సూర్యచంద్రుల్ని నింపుతారు. ఆ ఇల్లు ఎవరి పేరున కట్టారో వాళ్ళు వచ్చి అందులో ఉంటారని నమ్మకం. వెరియర్ ఎల్విన్ సవర మతం మీద 1955లో అచ్చువేసిన పుస్తకంలో ఈ బొమ్మల గురించి వివరంగా రాశాడు. బొమ్మ అయ్యాక ఆ పెద్దను పిలిచి చూపిస్తారు. ఏదన్నా తక్కువైందంటే అదీ చేరుస్తారు. అంటే ఈ బొమ్మకు మొదటి విమర్శకుడు ఎవరి కోసం రాశారో ఆ మనిషే.

ఇప్పుడు మొదటి బొమ్మ చూద్దాం. అందులో మనిషి ఒళ్ళంటే రెండు త్రికోణాలు, మొనకు మొన ఆనించినట్టు. చుట్టూ అంచు లేదు. మధ్యలో ఒకడు పొడుగాటి బూర ఊదుతుంటే జనం సుడిలా తిరుగుతూ ఆడుతున్నారు. ఆ బూర తార్పా. అది మహారాష్ట్రలోని వర్లీ ఆదివాసులది. బొమ్మ కూడా వాళ్ళదే. మేము వర్లీ బొమ్మకు సవర పేరున బహుమతి ఇచ్చాం.

ఏఐ ఇలా ఎందుకు చేసింది? ఇంటర్నెట్‌లో ఉన్న బొమ్మల్ని, వాటి పక్కన రాసిన మాటల్ని కోట్ల లెక్కన చూపించి దానికి నేర్పుతారు. 2022లో వచ్చిన లయాన్-5బి అనే ఒక్క సేకరణలోనే 585 కోట్ల జతలు ఉన్నాయి. నేర్చుకున్న యంత్రం చుక్కల గజిబిజితో మొదలుపెట్టి, ఆ గజిబిజిని మెట్టుమెట్టుగా తగ్గిస్తూ మనం అడిగిన మాటకు దగ్గరగా ఉన్న బొమ్మను తేలుస్తుంది. వర్లీ కళ 1970ల నుంచి కాగితం మీదికి వచ్చింది. జివ్య సోమ మాషేకు 2011లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ బొమ్మలు లోకమంతా ఉన్నాయి. వాటితో పోలిస్తే సవర పేరున ఉన్నవి చాలా తక్కువ. దొరకనిదాని చోట యంత్రం దొరికినదాన్ని పెట్టింది. తెలియదని మాత్రం చెప్పలేదు. ఆ పిల్లాడి తప్పు ఇందులో లేదు. గుర్తుపట్టవలసింది మేము.

రెండోది ఫొటో. ఒక అమ్మాయి తన తాత ఇంటి గోడను తీసింది. ఇది నిజమైన ఎడిసింగ్. కానీ ఫిల్టర్ వేసి పొగమరకల్ని తుడిచేసింది, ఎరుపును పెంచింది. ఫొటో అంటే అంకెల వరస. ఒక్కొక్క చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం 0 నుంచి 255 దాకా ఎంతెంతో రాసి ఉంటుంది. ఫిల్టర్ ఆ అంకెల్ని మారుస్తుంది. ఈ పాఠం ఆ అమ్మాయికి బాగా వచ్చింది. అయితే ఆ పొగ ఆ ఇంటి పొయ్యిది, ఏళ్ళ తరబడి పట్టింది. దాన్ని తీసేస్తే గోడ వయసు పోయింది. ఇంకో సంగతి, ఫొటో తీసేముందు తాతని అడిగావా అంటే తల దించుకుంది. అడగాలని మేమూ చెప్పలేదు.

మూడోది ఎవరూ ఆగి చూడని బొమ్మ. గీతలు వంకర, మనుషులు కర్రల్లా ఉన్నారు. దాన్ని చేసిన ఇద్దరు పిల్లలు ప్రోగ్రాం రాసేముందు గూడకు వెళ్ళి, ఏది ముందు గీస్తారు, ఏది తరవాత అని అడిగి వచ్చారు. అందుకే వాళ్ళ ప్రోగ్రాంలో మొదటి ఆదేశాలు అంచువి. అంచు పూర్తయ్యాకే కలం లోపలికి వెళ్తుంది. వరస తప్పకుండా చెప్పడమే కంప్యూటర్ విద్య. ఆ వరస పిల్లలకు గోడ దగ్గర దొరికింది. లోపం కూడా ఉంది. ఒకే మనిషిని ఇరవైసార్లు అచ్చు దింపారు. చేత్తో రాసినప్పుడు ఏ ఇద్దరూ ఒకలా రారు. అయినా మూడింటిలో నేర్చుకున్నది ఎక్కువ కనిపించేది ఇందులోనే.

కంప్యూటర్ వద్దని మేము అనడం లేదు. పాత సవర గోడల మీద సైకిలు, రైలు, విమానం కూడా ఉన్నాయి. కొత్తగా ఏది వచ్చినా పెద్దలు దాన్ని తమ అంచు లోపలికి తెచ్చుకున్నారు. మన పిల్లలూ ఆ పని చేయగలరు. 2024 జనవరిలో ఒడిశా లాంజియా సౌరా చిత్రాలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. చట్టం పేరును కాపాడవచ్చు. గోడ మీది బొమ్మనీ యంత్రం ఇచ్చిన బొమ్మనీ పక్కపక్కన పెడితే తేడా చెప్పగలిగే పిల్లల్ని మాత్రం బడే తయారుచేయాలి.

తోటి ఉపాధ్యాయులకు ఒక మనవి. పిల్లలు బొమ్మ తెచ్చినప్పుడు రంగు, నునుపు చూసి మార్కులు వేయకండి. ఇది ఎవరిది, ఎవరిని అడిగి చేశారు, ఏది ముందు గీశారు అని అడగండి. వచ్చే ఫిబ్రవరి 28న మా బడిలో గోడ ముందు కుర్చీ వేసి ఆ అవ్వను కూర్చోబెడతాం. బహుమతి ఎవరికో ఆమె చెబుతుంది.