ఐర్లండు నుంచి గ్రహించినది ఏమిటి? – ఆదేశిక సూత్రాల అనుసరణపై విమర్శనాత్మక పరిశీలన

పోటీ పరీక్షల గైడ్లలోను, డిగ్రీ స్థాయి రాజనీతిశాస్త్ర పాఠ్యపుస్తకాలలోను ఒక పట్టిక తప్పనిసరిగా కనిపిస్తుంది. ఎడమవైపు ఒక దేశం పేరు, కుడివైపు ఆ దేశం నుంచి భారత రాజ్యాంగం గ్రహించిన అంశం. బ్రిటన్ – పార్లమెంటరీ విధానం, అమెరికా – ప్రాథమిక హక్కులు, ఐర్లండు – ఆదేశిక సూత్రాలు. విద్యార్థులు దీనిని కంఠస్థం చేస్తారు, పరీక్షలో ఒక మార్కు వస్తుంది, పాఠం ముందుకు సాగుతుంది. గ్రహించిన దానిలో ఏది ఉంచారు, ఏది తీసివేశారు, ఏది మార్చారు అన్న ప్రశ్నకు ఆ పట్టికలో చోటు లేదు. నిజానికి పరిశోధన మొదలు కావలసిన స్థలం అదే.

ఇతర దేశాల సామాజిక విధానాల నుంచి ఒక దేశం ఏమి నేర్చుకోగలదు అన్న చర్చ సాధారణంగా పథకాల స్థాయిలో జరుగుతుంది. ఎక్కడ పింఛను ఎంత ఇస్తున్నారు, ఎక్కడ వైద్యం ఉచితం, ఎక్కడ బడి భోజనం బాగుంది అన్న పోలికలతో అది ముగుస్తుంది. భారతదేశం ఐర్లండు వైపు చూసిన తీరు ఇంతకంటే లోతైన విషయాన్ని బయటపెడుతుంది. సామాజిక విధానంతోపాటు, ఆ విధానం అమలు కాకపోతే ఎవరు ఎవరికి జవాబు చెప్పాలి అన్న ఏర్పాటు కూడా ఎరువుగా వస్తుంది. ఆదేశిక సూత్రాలలోని ఆశయాలలో చాలావరకు భారతదేశం సొంతంగా సంపాదించుకున్నవే. ఐర్లండు నుంచి ప్రధానంగా వచ్చింది ఆ ఆశయాలకూ న్యాయస్థానానికీ మధ్య నిలబెట్టిన గోడ.

ఐరిష్ పాఠం

ఆ గోడకు ఐర్లండులోనే ఒక చరిత్ర ఉంది. 1919 జనవరి 21న డబ్లిన్‌లో సమావేశమైన తొలి ఐరిష్ స్వతంత్ర శాసనసభ ఒక ప్రజాస్వామిక కార్యక్రమాన్ని ఆమోదించింది. తిండి, బట్ట, గూడు లేక ఏ బిడ్డా ఆకలికీ చలికీ గురికాకుండా చూడటం ప్రభుత్వపు ప్రథమ కర్తవ్యమని అందులో ప్రకటించారు. 1922 నాటి రాజ్యాంగంలో ఉచిత ప్రాథమిక విద్య హక్కుగా మిగిలింది కాని బిడ్డల ఆకలి ప్రస్తావన లేదు. ఈమన్ డి వలేరా నాయకత్వంలో రూపొంది 1937 డిసెంబరులో అమలులోకి వచ్చిన రాజ్యాంగం 45వ అధికరణలో సామాజిక ఆశయాలకు మళ్లీ చోటిచ్చింది. అయితే అవి శాసనసభకు సాధారణ మార్గదర్శకాలు మాత్రమేననీ, చట్టాల రూపకల్పనలో వాటిని పాటించే బాధ్యత పూర్తిగా శాసనసభదేననీ, ఏ న్యాయస్థానమూ వాటిని పరిగణనకు తీసుకోరాదనీ ఆ అధికరణ మొదటి వాక్యాలలోనే షరతు పెట్టింది. బిడ్డలు, వితంతువులు, వృద్ధులు, అనాథలు, చిన్న కమతాల రైతులు అందరూ ఆ షరతు వెనుకకు చేరారు.

ఈ పాఠంలోని సామాజిక దృష్టి కేథలిక్ చర్చి బోధనల నుంచి, ముఖ్యంగా పోప్ పదకొండవ పయస్ 1931లో వెలువరించిన సామాజిక సందేశం నుంచి వచ్చింది. సంపద కొద్దిమంది చేతుల్లో పోగుపడరాదు, అలాగని రాజ్యం చేతికీ పోరాదు, అది అనేక కుటుంబాల మధ్య చిన్న చిన్న ఆస్తులుగా పంపిణీ కావాలి అన్నది ఆ దృష్టి సారం. ఆచరణలో దాని పరిమితి త్వరలోనే తెలిసింది. 1951లో ఆరోగ్యమంత్రి నోయెల్ బ్రౌన్ ఆదాయ పరీక్ష లేకుండా తల్లులకూ పిల్లలకూ ఉచిత వైద్యం అందించే పథకాన్ని ప్రతిపాదించినప్పుడు బిషప్పులూ వైద్యులూ కలిసి వ్యతిరేకించారు, మంత్రి రాజీనామా చేయవలసి వచ్చింది. బలహీనుల ఆర్థిక ప్రయోజనాలను కాపాడతామన్న 45వ అధికరణ ఆయనకు ఏ ఆసరా ఇవ్వలేదు.

మాటల మార్పులు

భారత రాజ్యాంగ నిర్ణేతలు ఈ పాఠాన్ని యథాతథంగా ఎత్తి రాయలేదు. 39వ అధికరణను ఐరిష్ 45వ అధికరణ పక్కన పెట్టి చదివితే మూడు తేడాలు కనిపిస్తాయి.

మొదటిది స్త్రీలకు సంబంధించినది. పౌరులు ఆర్థిక అవసరం వల్ల తమ లింగానికి, వయసుకు, శక్తికి తగని వృత్తులలోకి నెట్టబడరాదని ఐరిష్ పాఠం చెబుతుంది. భారత పాఠంలో వయసు, శక్తి మిగిలాయి, లింగం పోయింది. దాని స్థానాన్ని పూరిస్తున్నట్లుగా స్త్రీ పురుషులకు సమాన పనికి సమాన వేతనం అన్న నియమం చేరింది. స్త్రీకి తగిన పని, తగని పని అనే విభజనను ఒక్క మాట తొలగింపుతో రాజ్యాంగం నిరాకరించింది. స్త్రీ జీవితస్థానం ఇల్లేనన్న భావాన్ని ఐరిష్ రాజ్యాంగం 41వ అధికరణలో ఇప్పటికీ మోస్తూనే ఉంది. దానిని మార్చే ప్రతిపాదన 2024 మార్చి ప్రజాభిప్రాయ సేకరణలో ఓడిపోయింది. ఈ ఒక్క విషయంలో శిష్యుడు గురువుకంటే ముందున్నాడనడం అతిశయోక్తి కాదు.

రెండవది ఆస్తికి సంబంధించినది. సమాజపు భౌతిక వనరుల యాజమాన్యం ఉమ్మడి శ్రేయస్సుకు అనువుగా ‘ప్రైవేటు వ్యక్తుల మధ్య, వివిధ వర్గాల మధ్య’ పంపిణీ కావాలన్నది ఐరిష్ వాక్యం. 39(బి) ఆ వాక్యాన్ని తీసుకుంటూ వ్యక్తుల, వర్గాల ప్రస్తావనను వదిలేసింది. ఫలితంగా చిన్న ఆస్తుల పంపిణీని కోరిన వాక్యం జాతీయీకరణకు కూడా దారి ఇచ్చే వాక్యమైంది. ఆ ఖాళీని ఎలా పూరించాలన్న వివాదం దశాబ్దాల పాటు సాగింది. వ్యక్తుల చేతిలోని ప్రతి ఆస్తీ సమాజపు భౌతిక వనరు కాబోదని తొమ్మిది మంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం మెజారిటీ తీర్పు చెప్పింది 2024 నవంబరులోనే. పట్టికలో ఒక్క గీతతో సరిపెట్టిన ‘గ్రహణం’ ఎంత పెద్ద ప్రశ్నను కడుపులో దాచుకున్నదో దీనివల్ల తెలుస్తుంది.

మూడవ తేడా గురించి విమర్శకులు తక్కువగా మాట్లాడారు. వీలైనన్ని కుటుంబాలు ఆర్థిక భద్రతతో భూమిపై స్థిరపడేలా చూడాలని ఐరిష్ 45వ అధికరణ స్పష్టంగా చెబుతుంది. కౌలు రైతులను భూ యజమానులుగా మార్చిన సుదీర్ఘ పోరాటం, పంతొమ్మిదవ శతాబ్దం చివరి నుంచి వచ్చిన భూచట్టాలు ఆ వాక్యం వెనుక ఉన్నాయి. భారత ఆదేశిక సూత్రాలలో దీనికి సమానమైన వాక్యం లేదు. 48వ అధికరణ వ్యవసాయాన్ని, పశుపోషణను శాస్త్రీయంగా వ్యవస్థీకరించమంటుంది, గోవధ నిషేధాన్ని ప్రస్తావిస్తుంది, కాని దున్నేవాడికి భూమి అన్న మాట ఎత్తదు. రాజ్యాంగ పరిషత్తు ఈ సూత్రాలపై చర్చించిన 1948 నవంబరులో నల్గొండ, వరంగల్లు జిల్లాల పల్లెలు భూమి కోసమే సాయుధంగా పోరాడుతున్నాయి. భూసంస్కరణల శాసనాధికారం రాష్ట్రాలకు దక్కింది నిజమే. అధికారం ఇవ్వడం వేరు, కర్తవ్యంగా నిర్దేశించడం వేరు. ఐర్లండు నుంచి నేర్చుకోదగిన వాక్యాలలో తెలుగు నేలకు అత్యవసరమైనది ఆ ఒక్కటే కాగా, వదిలివేసినది కూడా దానినే.

గోడ, దాని పగుళ్లు

ఆశయాల పట్టిక కోసం భారతదేశానికి డబ్లిన్ వైపు చూడవలసిన అవసరం పెద్దగా లేదు. 1931 నాటి కరాచీ కాంగ్రెసు తీర్మానంలోనే ఉచిత ప్రాథమిక విద్య, జీవన వేతనం, బాలకార్మిక నిషేధం ఉన్నాయి. అక్కడ అవన్నీ హక్కుల జాబితాలోనే కలిసి ఉన్నాయి. న్యాయస్థానం ద్వారా అమలయ్యేవి, కానివి అన్న విభజన 1940లలో గట్టిపడింది. రాజ్యాంగ సలహాదారు బెనెగళ్ నరసింగరావు దానిని ప్రతిపాదించగా, నెల్లూరు జిల్లా పుదూరులో పుట్టిన న్యాయకోవిదుడు అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ హక్కుల ఉపసంఘంలో దానిని బలంగా సమర్థించారు. బ్యాంకు తనకు తోచినప్పుడు చెల్లించే చెక్కు వంటివి ఈ సూత్రాలని కె.టి. షా పరిషత్తులో ఎద్దేవా చేశారు. న్యాయస్థానం అడగకపోయినా ఎన్నికల వేళ ఓటర్లు అడుగుతారని అంబేద్కర్ సమాధానమిచ్చారు. అప్పుడే పుట్టిన, విభజనతో గాయపడిన, ఖజానా ఖాళీగా ఉన్న దేశం అన్ని హామీలనూ కోర్టులకు అప్పగించలేదన్న వాదనలో బలం లేకపోలేదు. అయితే ఓటరు అయిదేళ్లకొకసారి అన్ని విషయాలనూ కలిపి ఒకే తీర్పు చెబుతాడు. మూతపడిన బడి గురించి విడిగా తీర్పు చెప్పే అవకాశం బ్యాలెట్ పత్రంలో లేదు.

గోడను తీసుకున్నప్పటికీ దానిని ఐర్లండు కట్టినంత పకడ్బందీగా కట్టలేదు. ఐరిష్ సూత్రాలను న్యాయస్థానం పరిగణించనే కూడదు. 37వ అధికరణ ప్రకారం న్యాయస్థానం వాటిని అమలుపరచజాలదు, అంతే. పైగా అవి దేశ పరిపాలనకు మౌలికమైనవని, చట్టాల రూపకల్పనలో వాటిని వర్తింపజేయడం రాజ్యం విధి అని ఆ అధికరణే చెబుతుంది. ఐర్లండులో శీర్షిక ‘సామాజిక విధాన’ సూత్రాలు, ఇక్కడ ‘రాజ్య విధాన’ సూత్రాలు. రాజ్యం అంటే శాసనసభ ఒక్కటే కాదు, కార్యనిర్వాహక వర్గమూ స్థానిక సంస్థలూ కూడా. అమలుచేయలేకపోయినా చదవవచ్చు, చదివి ఇతర అధికరణలను వ్యాఖ్యానించవచ్చు అన్న సందు ఈ మాటల మార్పులోనే ఉంది. (ఐర్లండులో సైతం 1970ల ఆరంభంలో, మద్యశాలల్లో స్త్రీల నియామకానికి వ్యతిరేకంగా జరిగిన పికెటింగ్ కేసులో, జీవనోపాధి హక్కును గుర్తించడానికి హైకోర్టు న్యాయమూర్తి కెన్నీ 45వ అధికరణ వైపు చూశారు. కాని అది అక్కడ ప్రధాన ప్రవాహం కాలేదు.)

నరసింగరావు 1947 చివరి నెలల్లో అమెరికా, కెనడా, ఐర్లండు, బ్రిటన్ తిరిగి వచ్చి చేసిన సూచన ఒకటి ప్రత్యేకంగా గుర్తుంచుకోదగినది. ఆదేశిక సూత్రాన్ని అమలుచేసే చట్టం వ్యక్తి ప్రాథమిక హక్కుతో ఘర్షించినప్పుడు ఆ చట్టానిదే పైచేయి కావాలని ఆయన కోరారు. ముసాయిదా సంఘం అంగీకరించలేదు. 1951లో చంపకం దొరైరాజన్ కేసులో ఆదేశిక సూత్రాలు హక్కులకు లోబడి నడవాలని సుప్రీంకోర్టు తేల్చింది. నిరాకరణకు గురైన సూచన 1971 నాటి 25వ సవరణ ద్వారా 31సి అధికరణగా, 39(బి), (సి)లకు పరిమితమై తిరిగి వచ్చింది. అన్ని సూత్రాలకూ దానిని విస్తరించిన 1976 నాటి ప్రయత్నాన్ని మినర్వా మిల్స్ తీర్పు 1980లో కొట్టివేసింది. అంటే 1947లో జరిగిన ప్రయాణం నుంచి ఏమి నేర్చుకోవాలన్న వాదన మూడు దశాబ్దాలకు పైగా సాగింది.

భారతదేశపు అనుభవాన్ని చదివి వేరే నిర్ణయానికి వచ్చిన దేశం కూడా ఉంది. వర్ణవివక్ష పాలన అనంతరం దక్షిణాఫ్రికాలో ఆదేశిక సూత్రాల నమూనా చర్చకు వచ్చింది. చివరకు 1996 రాజ్యాంగం గృహవసతి, వైద్యం, ఆహారం, సామాజిక భద్రతలను న్యాయస్థానం విచారించగల హక్కులుగానే పెట్టి, అందుబాటులోని వనరుల మేరకు క్రమంగా సాధించాలన్న షరతును జోడించింది. కోర్టు ఖజానాను పంచదు, ప్రభుత్వ ప్రయత్నం సహేతుకమా కాదా అని అడుగుతుంది. 2000లో గ్రూట్‌బూమ్ తీర్పు చేసింది ఆ పనే. వనరుల కొరతకూ జవాబుదారీతనానికీ పొత్తు కుదరదన్న 1948 నాటి ఊహకు ఇంతకంటే సూటైన జవాబు దొరకదు. మౌలిక విద్యకైతే ఆ వనరుల షరతు కూడా లేదు.

బడి సంగతి

విద్య దగ్గరకు వచ్చేసరికి ‘ఐర్లండు – ఆదేశిక సూత్రాలు’ అన్న గీత తప్పుదారి పట్టించేదిగా మారుతుంది. ఐర్లండు ప్రాథమిక విద్యను 45వ అధికరణలో పెట్టలేదు. రాజ్యం ఉచిత ప్రాథమిక విద్యను సమకూర్చాలన్న నియమం 42వ అధికరణలో, గోడకు ఇవతల ఉంది. భారతదేశంలో హక్కుల ఉపసంఘం దానిని హక్కుగానే రాసినా, 1947 ఏప్రిల్‌లో సలహా సంఘం దానిని అమలుకు వీలులేని భాగానికి తరలించింది. ఐర్లండు బయట ఉంచినదాన్ని భారతదేశం లోపల పెట్టిందన్నమాట. పద్నాలుగేళ్ల వయఃపరిమితిని మాత్రం అంబేద్కర్ కాపాడారు. పద్నాలుగేళ్లలోపు పిల్లలను కర్మాగారంలో పెట్టరాదన్నప్పుడు ఆ వయసు వరకు వారు ఉండవలసిన చోటు బడేనన్నది ఆయన తర్కం. పదేళ్లలోగా అన్న గడువు ఆదేశిక సూత్రాలలో ఆ ఒక్క అధికరణకే దక్కింది. ఆ గడువు 1960లో తీరిపోయింది.

1993 ఈ కథలో విచిత్రమైన సంవత్సరం. తీవ్ర వైకల్యం ఉన్న ఒక బాలుడికి తగిన ప్రాథమిక విద్య ఇవ్వవలసిందేనని ఐరిష్ హైకోర్టు ఆ ఏడాది 42వ అధికరణను చూపి చెప్పింది. అదే ఏడాది ఫిబ్రవరిలో ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం కేసులో భారత సుప్రీంకోర్టు పద్నాలుగేళ్లలోపు పిల్లలకు ఉచిత విద్య ప్రాథమిక హక్కు అని ప్రకటించింది. అయితే కోర్టు ముందున్న అసలు వివాదం ప్రైవేటు వృత్తివిద్యా కళాశాలల క్యాపిటేషన్ ఫీజులది. ఇంజనీరింగు, మెడికల్ సీట్ల ధరపై వాదోపవాదాల మధ్య పల్లెబడి పిల్లల హక్కు వెలుగు చూసింది. ప్రధాన తీర్పు రాసిన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి 45వ అధికరణ గడువును ఎత్తిచూపి, జీవించే హక్కును చెప్పే 21వ అధికరణకు ఆ ఆశయాన్ని కలిపి చదివారు. ఐర్లండులో ఒక వాక్యం చేసిన పనికి ఇక్కడ రెండు అధికరణలు, నలభై మూడేళ్లు అవసరమయ్యాయి.

న్యాయస్థానం ఇచ్చినదాన్ని పార్లమెంటు అలాగే ఉంచలేదు. 2002 నాటి 86వ సవరణ 21ఎ అధికరణను చేర్చి ఆరు నుంచి పద్నాలుగేళ్ల వయసు వారికి విద్యను హక్కు చేసింది. 2010 ఏప్రిల్ 1న విద్యాహక్కు చట్టంతో పాటు అది అమలులోకి వచ్చింది. ఆరేళ్లలోపు పిల్లలు ఉన్నికృష్ణన్ తీర్పులో ఉన్నారు, సవరణలో లేరు. వారి సంరక్షణ, విద్యల కోసం రాజ్యం ప్రయత్నించాలన్న కొత్త వాక్యంతో 45వ అధికరణను తిరగరాశారు. ఈసారి గడువు కూడా లేదు. ఆ వయసు పిల్లలను చూసుకునే అంగన్‌వాడీ కార్యకర్తలకు రెండు తెలుగు రాష్ట్రాలలోనూ ఇచ్చేదాన్ని జీతమనరు, గౌరవ వేతనం అంటారు. వారికి గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని సుప్రీంకోర్టు చెప్పింది 2022 ఏప్రిల్‌లో.