తోమకండి, తుడవండి

పండగ ముందు రోజు మన ఇళ్లలో వెండి, ఇత్తడి సామాను పెరట్లోకి వస్తుంది. ఇత్తడికి చింతపండు, వెండికి విభూతో కుంకుడు రసమో. ఎంత తోమితే అంత మెరుపన్నది చిన్నప్పటి నుంచీ మనకు ఒంటబట్టిన నమ్మకం. కుందులూ బిందెలూ ఆ తోముడుకి తట్టుకుంటాయి. వెండి పూత వేసిన ఇత్తడి ట్రంపెట్ తట్టుకోదు. పెళ్లిళ్ల సీజన్ రాగానే బ్యాండ్ మేళాల వాళ్లు వాయిద్యాలు ముందేసుకుని పళ్లపొడితో రుద్దుతుంటే నా మనసు చివుక్కుమంటుంది. వాళ్లకు వాటి మీద ప్రేమ లేక కాదు, ప్రేమ ఉండబట్టే అంత కష్టపడుతున్నారు. ఆ కష్టమే వాయిద్యాన్ని అరగదీస్తోంది.

నేను వాయించేది వెండి పూత ట్రంపెట్. లోపలంతా ఇత్తడే, అంటే సుమారు 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు. పైన వెండి పొర. విద్యుత్తుతో వెండి పూసే పద్ధతికి 1840లో బర్మింగ్‌హామ్‌కు చెందిన ఎల్కింగ్టన్లు పేటెంట్ తీసుకున్నారు. ఆ తర్వాతే ఇలాంటి వాయిద్యాలు మామూలు బ్యాండు వాళ్ల చేతికి అందాయి. ఇంగ్లండులో చాలా బ్యాండ్ల పేర్లలో ‘సిల్వర్’ అన్న మాట ఇప్పటికీ ఉంది. వెండి వాయిద్యాలు కొనుక్కోగలిగామన్న గర్వం అది. అయితే ఈ పొర మందం సాధారణంగా కొన్ని మైక్రాన్లే. మన తల వెంట్రుక దానికి ఎన్నో రెట్లు లావు.

ఇక నలుపు సంగతి. ఇనుముకు పట్టే తుప్పు లాంటిది కాదిది. మామూలు గాలిలోని ఆక్సిజన్ వెండిని ఏమీ చేయదు. గాలిలో లేశమాత్రంగా ఉండే గంధకపు వాయువులు, ముఖ్యంగా హైడ్రోజన్ సల్ఫైడ్, తేమ తోడు చేసుకుని వెండిని సల్ఫైడుగా మారుస్తాయి. మొదట లేత పసుపు, తర్వాత గోధుమ రంగు, నీలి ఛాయ, చివరికి నలుపు. ఆ నల్లటి పొరలో ఉన్నదీ మన వెండే. రుద్ది నలుపు వదిలించిన ప్రతిసారీ దానితో పాటు కొంత వెండి గుడ్డకు అంటుకుపోతుంది. నలుపు పడ్డాక ఎలా పోగొట్టాలన్నది రెండో ప్రశ్న. పడకుండా ఎలా చూసుకోవాలన్నదే అసలు ప్రశ్న.

గంధకం మన చుట్టూ ఉంది. ఊరేగింపులో పేల్చే టపాసుల మందులో గంధకం ఉంటుంది. వంటగ్యాస్‌కు వాసన కోసం కలిపే మెర్‌కాప్టన్ గంధకపు పదార్థమే. ఉల్లిపాయలు, కోడిగుడ్లు, ఉన్ని బట్టలు కూడా గంధకాన్ని వదులుతాయి. రబ్బరును గట్టిపరిచేది గంధకంతోనే. అందుకే ట్రంపెట్ పెట్టెలో రబ్బరు బ్యాండు కూడా ఉంచకూడదు, పెట్టెను వంటింటి పక్క అల్మరాలో పెట్టకూడదు. సముద్రపు తేమ ఎక్కువగా ఉండే విశాఖ, కాకినాడ లాంటి ఊళ్లలో పెట్టెలో సిలికా జెల్ పొట్లం తప్పనిసరి. గంధకపు వాయువుల్ని పట్టేసే కాగితపు పట్టీలు కూడా దొరుకుతాయి. వాటిని పెట్టెలో వేసి, ఆరు నెలలకోసారి మారిస్తే మంచి ఫలితం ఉంటుంది.

రోజువారీ పని రెండు నిమిషాలది. వాయించడం అయ్యాక వాటర్ కీ నొక్కి లోపలి తడి ఊదేస్తాను. మెత్తటి నూలు గుడ్డతో వేలి ముద్రలన్నీ తుడుస్తాను. ఎడమ చెయ్యి వాల్వుల దగ్గర పట్టుకునే చోటే చెమట ఎక్కువ, పూత ముందుగా అరిగేదీ అక్కడే. అక్కడ తోలు పట్టీ కట్టుకున్న వాళ్లు వారానికోసారి దాన్ని విప్పి, కింద చేరిన తడి తుడవాలి. తర్వాత ట్రంపెట్ నేరుగా పెట్టెలోకి వెళ్లాలి. గోడకు తగిలించి అందం చూసుకుందామనుకుంటే నలుపును పిలిచినట్టే.

అప్పటికే రంగు మారితే దాని స్థాయిని బట్టి పని. పసుపు దశలో వెండి కోసం తయారుచేసిన పాలిష్ గుడ్డతో తేలిగ్గా రాస్తే చాలు. నల్లటి మచ్చలకు నాణ్యమైన మెత్తటి సుద్దపొడిని నీటి చుక్కతో తడిపి, దూదితో అద్ది, కడిగేయాలి. విభూతి, పళ్లపొడి, ఇత్తడి పాలిష్ వద్దు. వాటి రేణువులు గీతలు పెడతాయి. చింతపండు, నిమ్మరసం అసలే వద్దు. పూత అరిగిన చోట పులుపు నేరుగా ఇత్తడిని కొరుకుతుంది. మౌత్‌పీస్‌కు మాత్రం ఒక మంచి ఉపాయం ఉంది. గిన్నెలో అల్యూమినియం రేకు పరిచి, దానికి తగిలేలా మౌత్‌పీస్ ఉంచి, వంటసోడా వేసి వేడినీళ్లు పోయాలి. గంధకం అల్యూమినియం వైపు వెళ్లిపోతుంది, వెండి వెండిగానే మిగులుతుంది. కుళ్లిన గుడ్డు వాసన వస్తే పని జరుగుతున్నట్టు. ట్రంపెట్ మొత్తానికి ఈ పద్ధతి పనికిరాదు, ఎందుకంటే దానికి ఫెల్టులు, కార్కు ఉంటాయి. మౌత్‌పీస్ మీద పూత పోయి ఇత్తడి కనిపిస్తే మళ్లీ పూత వేయించాలి, లేదా కొత్తది కొనాలి. పెదవికి ఇత్తడి తగలకూడదు.

పైమెరుపు చూసి లోపలి సంగతి మరిచిపోకూడదు. ఏదైనా తిని నోరు కడుక్కోకుండా ఊదితే ఆ తీపీ ఉప్పూ గొట్టంలో చేరతాయి. వాటి వల్ల ఇత్తడిలోంచి జింకు కరిగిపోయి రాగి మిగులుతుంది. లోపల మొదలైన ఆ చెరుపు పైకి గులాబీ రంగు మచ్చగా కనిపించే నాటికి గోడను చాలావరకు తినేసి ఉంటుంది. నెలకోసారి వాల్వులు తీసి, గోరువెచ్చని నీటిలో కొద్దిగా గిన్నెల సబ్బు కలిపి, పొడవాటి బ్రష్‌తో గొట్టాలు కడగాలి. వాల్వులను వాటి అంకెల వరసలోనే తిరిగి పెట్టి, నూనె వేయాలి. పాలిష్ పొడి ఒక్క రేణువు వాల్వులోకి దిగినా పిస్టన్ మీద గీత పడుతుంది. కాబట్టి ముందు పాలిష్, తర్వాతే స్నానం.

తెల్లగా మెరిసేదంతా వెండి కాదన్నదీ గుర్తుంచుకోవాలి. మన బ్యాండ్లలో చాలా వాయిద్యాలు మీరట్ నుంచి వస్తాయి. వాటిలో నికెల్ పూతవి ఎన్నో. నికెల్ వెండిలా నల్లబడదు, కొంచెం మసకబారుతుందంతే. లాకర్ అనే పారదర్శకమైన పూత ఉన్న పసుపు వాయిద్యానికి వెండి పాలిష్ తగలనివ్వకూడదు. ముందు ఏ పూతో తెలుసుకుని, తర్వాత చెయ్యి వేయండి.

పూత పోయిన ట్రంపెట్‌కు మళ్లీ వెండి ఎక్కించాలంటే భాగాలు విప్పి, పాత పూత దించి, లోహాన్ని మళ్లీ నునుపు చేయాలి. ప్రతిసారీ ఆ పలుచని గోడ మరింత పలచబడుతుంది. మీ ఇంట్లో పిల్లలు ట్రంపెట్ నేర్చుకుంటున్నా, మీరు బ్యాండ్ మాస్టరైనా, ఇవాళే ప్రతి పెట్టెలో ఒక శుభ్రమైన నూలు గుడ్డ పెట్టండి. వాయించిన ప్రతిసారీ తుడిచి పెట్టడం అలవాటు చేయండి. పాఠాల్లో అదీ ఒక పాఠమే.