ప్లానులో అమ్మ ఎక్కడ?

నార్కట్‌పల్లిలో మా పాత పెంకుటిల్లు తీసేసి కొత్తది కట్టుకుందామనుకున్నప్పుడు తమ్ముడు హైదరాబాదు నుంచి ఒక ఆర్కిటెక్టును తీసుకొచ్చాడు. మర్యాదస్తుడే. రెండు గంటలు కూర్చుని ఓపిగ్గా ప్రశ్నలడిగాడు. కారు ఎంత పొడవు, చుట్టాలు ఎంతమందొస్తారు, టీవీ ఏ గోడకి? అన్నీ తమ్ముణ్ణే అడిగాడు. స్థలం అమ్మ పేరు మీద ఉంది. అమ్మ చాయ్ ఇచ్చి గడప దగ్గర నిలబడింది.

ప్లాను వచ్చింది. ఆగ్నేయం మూల, ఇంటి వెనక, ఏడడుగుల వెడల్పున వంటిల్లు. కిటికీ పక్కింటి ప్రహరీ వైపు. బోళ్లు తోముకునే జాగా లేనే లేదు. నాకు మాత్రం మేడమీద పుస్తకాల గది, రెండు పెద్ద కిటికీలు. నేను చూసింది ఆ గదినే. స్త్రీల కథల్లో ఇంటి గురించి పరిశోధన చేసి డాక్టరేటు తెచ్చుకున్న నేను, వంటింటి కొలత చదవకుండానే ‘బాగుంది’ అనేశాను. ఆ సిగ్గులోంచే ఈ నాలుగు మాటలూ.

మన విమర్శకి వంటిల్లు కొత్త కాదు. విమల ‘వంటిల్లు’ కవితనీ, పి. సత్యవతి ‘ఇల్లలకగానే’ కథనీ తలుచుకోకుండా మన సెమినార్లు గడవవు. సత్యవతి కథలో ఇల్లాలు ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మర్చిపోతుంది. ఆ పేరు గురించీ, అస్తిత్వం గురించీ నేను పేజీలకి పేజీలు రాశాను. ఆ ఇంటిని ఎవరు గీశారని ఒక్కసారీ అడగలేదు. వంటింటిని ప్రతీకగా చదవడం మనకి బాగా వచ్చు. గోడలుగా, గట్టుగా, తూముగా చదవడం రాదు. విమల కవిత వంటిళ్ళని కూల్చెయ్యమంటుంది. ఆ కోపం నాకిప్పటికీ కావాలి. కానీ కూల్చేదాకా అందులో నిలబడే మనిషి మోకాళ్ళ మాటేమిటి?

ఆడవాళ్ళు గీస్తే సరిపోతుందా అంటే అదీ అంత తేలిక కాదు. 1926లో ఆస్ట్రియా ఆర్కిటెక్టు మార్గరెటె షుట్టె-లిహోట్‌స్కీ ఫ్రాంక్‌ఫర్ట్ కార్మికుల ఇళ్ళ కోసం ఒక వంటిల్లు రూపొందించింది. 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు. ఆడవాళ్ళ అడుగులూ, శ్రమా తగ్గాలని ప్రతి అరనీ లెక్కేసి పెట్టింది. దాదాపు 10 వేల ఇళ్ళలో అదే కట్టారు. 1970ల్లో స్త్రీవాదులు దాన్ని మళ్ళీ చదివి, ఇందులో ఒక్కరికే చోటుంది, ఆ ఒక్కరూ ఎప్పుడూ ఆడమనిషే అన్నారు. ఇద్దరి మాటా నిజమే.

మన దగ్గర ఇందిరమ్మ ఇల్లు మంజూరయ్యేది ఇంటావిడ పేరునే. పేరు కాగితమెక్కింది, సంతోషం. గీత గీసేటప్పుడు ఆమెనెవరడిగారు?

రెండోసారి ఆర్కిటెక్టు వచ్చినప్పుడు అమ్మ ముగ్గుపిండి తెచ్చి వాకిట్లో తన వంటర్ర గీసింది. “పెద్దగ గావాల్నని గాదు సారూ. వాకిట్ల ఎవలొచ్చిన్రో నా కండ్లకు గనవడాలె. తాగే నీళ్లకో జాగ, వాడకం నీళ్లకో జాగ గావాలె” అంది. ఫ్లోరైడు నీళ్ళ జిల్లాలో బతికిన ఆడవాళ్ళ లెక్క అది. ప్లానులో ఉన్నది ఒకటే సింకు. ఆయన ఫోటో తీసుకున్నాడు. హాలుకీ వంటర్రకీ మధ్య కిటికీ పెడదామన్నాడు. అంట్లు చుట్టాలకి కనపడతాయని తమ్ముడు అడ్డం పడ్డాడు.

సుతారి ఆ గోడలో మూడడుగుల ఖాళీ వదిలాడు. అది అమ్మ కిటికీయో, తమ్ముడి టీవీ అలమారో ఇంకా తేలలేదు. నా పుస్తకాల గది తీసేసి, ఆ డబ్బుతో వంటర్రని మూడడుగులు పెంచమని మొన్న ఆర్కిటెక్టుకి ఫోన్ చేశాను.

“అలాగే మేడమ్, ఒక్కసారి మీ తమ్ముడిగారితో చెప్పించండి” అన్నాడు.