ఫియట్‌లో పెద్ద ఇంజిన్: షెడ్డు మేస్త్రీల పనితనం

డబ్బుంటే కారు ఎవరైనా కొనుక్కోవచ్చు. పాత ఫియట్ బానెట్ కింద కొత్తగా ఒక పెద్ద ఇంజిన్ ఎక్కించి, అది మొదటి నుంచీ అక్కడే ఉందా అనిపించేలా చేయాలంటే మాత్రం చేతిలో విద్య ఉండాలి. సేలం నుంచి ధర్మపురి, కృష్ణగిరి, హోసూరు మీదుగా బెంగళూరు పోయే దారి పొడుగునా ఆ విద్య ఉన్నవాళ్లు ఉన్నారు. లారీల రిపేర్లతో బతికే షెడ్లు, పక్కనే లేత్ మెషిన్లు, హోసూరు కర్మాగారాల్లో ఫిట్టర్లుగా చేయి తిరిగినవాళ్లు: ఈ పనికి కావాల్సిన సరంజామా అంతా ఇక్కడే ఉంది. ఈ చుట్టుపక్కల తెలుగిళ్ల వాకిళ్లలో ఇంకా నిలబడి ఉన్న ఫియట్లను చూసినప్పుడల్లా ఆ చేతులకు దండం పెట్టాలనిపిస్తుంది.

ఫియట్ 1100 మన దేశంలో ప్రీమియర్ కంపెనీ వారి బొంబాయి కుర్లా ఫ్యాక్టరీలో తయారైంది. తర్వాత అదే ప్రీమియర్ పద్మిని అయింది. అంబాసిడర్ అభిమానులు ఏమన్నా అననివ్వండి, మన రోడ్ల మీద తిరిగిన కార్లలో అంత ముచ్చటైన స్టీరింగ్ ఇంకోదానికి లేదు. లోటల్లా ఇంజిన్‌దే. 1089 సీసీ, నలభై చిల్లర గుర్రాల బలం. నలుగురు ఎక్కి, డిక్కీ నిండా సామాను వేసుకుని మే నెల ఎండలో తొప్పూరు ఘాట్ ఎక్కాలంటే దాని ప్రాణం మీదికొస్తుంది.

ఆ లోటుకు మందు ప్రీమియర్ కంపెనీ చేతుల మీదుగానే వచ్చింది. 1985లో వచ్చిన 118ఎన్‌ఈ కారులో నిస్సాన్ ఏ12 ఇంజిన్ పెట్టారు. 1171 సీసీ. పెరిగింది ఎనభై రెండు సీసీలే కదా అని తీసిపారేయకండి. పాత ఫియట్ సిలిండర్ వెడల్పు 68 మిల్లీమీటర్లు, పిస్టన్ నడిచే దూరం 75. నిస్సాన్‌లో వెడల్పు 73, నడక 70. పిస్టన్ తక్కువ దూరం నడుస్తుంది కాబట్టి ఇంజిన్ హాయిగా తిరుగుతుంది. ఫియట్ క్రాంక్‌షాఫ్ట్‌ను మూడు మెయిన్ బేరింగులు మోస్తే, నిస్సాన్‌లో అయిదు మోస్తాయి. వేగం పెంచినా ఆ ఇంజిన్ గొంతు మారదు.

ఇక ఈ నిస్సాన్ ఇంజిన్‌ను పాత ఫియట్‌లో ఎక్కించే పని. తెలిసిన మేస్త్రీ ఇంజిన్‌ను ఒంటరిగా కొనడు, గేర్‌బాక్సుతో కలిపి జతగా కొంటాడు. అప్పుడు క్లచ్, ఫ్లైవీల్, బెల్ హౌసింగ్ గొడవ ఉండదు. జతను చైన్ బ్లాక్‌కు వేలాడదీసి అంగుళం అంగుళం దించుతాడు. సంపు క్రాస్‌మెంబర్‌కు తగలకూడదు, ఫ్యాను రేడియేటర్‌ను గీరకూడదు, స్టీరింగ్ రాడ్లకు దారి ఉండాలి. మౌంటింగ్ బ్రాకెట్‌ను ముందు అట్టముక్కతో కోసి చూస్తాడు. అట్ట సరిగ్గా కూర్చున్నాకే ఇనుము కోస్తాడు. బానెట్ మూస్తే ఎయిర్ క్లీనర్‌కు తగులుతుందా అన్న అనుమానం వస్తే, దాని మీద గోధుమపిండి ముద్ద పెట్టి బానెట్ మూసి తెరుస్తాడు. నలిగిన ముద్ద మందమెంతో, మిగిలిన ఖాళీ అంత. ఎంత చక్కటి కొలత!

అసలు పరీక్ష ప్రొపెల్లర్ షాఫ్ట్ దగ్గర. దాని ముందు కొస నిస్సాన్ గేర్‌బాక్సుకు, వెనక కొస ఫియట్ డిఫరెన్షియల్‌కు కుదరాలి. లేత్ మీద రెంటినీ కలిపి, బ్యాలెన్స్ చేయించాలి. గేర్‌బాక్సు తోక వంపు, డిఫరెన్షియల్ ముక్కు వంపు ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. అక్కడ తేడా వస్తే కారు వేగం అందుకోగానే కాళ్ల కింద నేల వణుకుతుంది. మంచి మేస్త్రీ కట్టిన బండిలో డ్యాష్‌బోర్డు మీద పెట్టిన గ్లాసులో నీళ్లు తొణకవు.

ఈ విద్యకు పెద్ద వంశమే ఉంది. కోయంబత్తూరు జి.డి.నాయుడు గారు మన తెలుగు బిడ్డ. ఒక తెల్లదొర దగ్గర మోటారు సైకిల్ కొని, ముక్క ముక్కగా విప్పి మళ్లీ బిగించి యంత్రవిద్య నేర్చుకున్నారంటారు. 1920లో పొల్లాచ్చి-పళని బస్సుతో మొదలుపెట్టి ఎక్కడికి చేరారో లోకమెరుగును. అదే ఊరి కరివర్ధన్ మారుతి 800 ఇంజిన్‌తో ఒంటిసీటు రేసు కార్లు కట్టి ఒక తరం కుర్రాళ్లకు రేసింగ్ నేర్పాడు. ఇటలీలో 499 సీసీల బుల్లి ఫియట్ 500లో ఫియట్ 126 తాలూకు 652 సీసీ ఇంజిన్ ఎక్కించడం ఇంటి షెడ్డు పనే. అమెరికాలో కారల్ షెల్బీ చిన్న సన్‌బీమ్ ఆల్పైన్‌లో ఫోర్డ్ వీ8ను ఇరికించాడు. 1964లో అదే సన్‌బీమ్ టైగర్‌గా బజారుకొచ్చింది. చోటు ఎంత ఇరుకంటే, ఒక స్పార్క్ ప్లగ్గు విప్పడానికి కారు లోపలి నుంచి కంత పెట్టాల్సి వచ్చింది!

ఇంతటి విద్య ఇవాళ ఎవరి చేతుల్లో పడింది? పాత డీజిల్ ఇంజిన్ చవగ్గా దొరికిందని ఫియట్‌లో దింపేవాళ్లున్నారు. ఆ బరువుకు ముందు స్ప్రింగులు కుంగుతాయి, ఆ అదురుకు తలుపుల అతుకులు వదులుతాయి. సంపు అడ్డమొస్తే సంపును మార్చుకోవాలి గాని, గ్యాస్ కటింగ్‌తో క్రాస్‌మెంబర్‌నే కోసేస్తారా? ముందు చక్రాలను మోసేది అదే! పైగా నాలుగు చక్రాలకూ పాత డ్రమ్ బ్రేకులే వదిలేస్తారు. ధర్మపురి నుంచి సేలం దిగేటప్పుడు తొప్పూరులో బ్రేకులు పోయిన లారీలు ఎన్ని ప్రాణాలు తీశాయో ఈ జిల్లాలో చెప్పనక్కర్లేదు. బ్రేకు సంగతి చూడకుండా బలం పెంచేవాణ్ణి మేస్త్రీ అనడానికి నాకు నోరు రాదు. ఇక ఇంజిన్‌ను ముట్టుకోకుండా సైలెన్సర్ మార్చి, స్టిక్కర్ అంటించి రేసు కారు అని తిరిగేవాళ్ల గురించి మాట్లాడటమే దండగ.

చట్టాన్నీ గౌరవించాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇష్టం వచ్చినట్టు బండి రూపు మార్చకూడదు. ఇంజిన్ మార్చే ముందే ఆర్టీఓ అనుమతి కావాలి, కొత్త ఇంజిన్ నంబరు ఆర్‌సీ బుక్కులోకి ఎక్కాలి. యాభై ఏళ్లు దాటిన కార్లకు 2021 నుంచి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తున్నారు, అయితే బండి అసలు రూపంలో ఉండాలి. అందుకే అసలు ఇంజిన్ బాగున్న పాత ఫియట్ జోలికి పోకండి. ఇంజిన్ పాడైపోయి, తుక్కు కొట్టుకు పోబోయే బండికే ఈ వైద్యం చేయించండి. తీసిన ఇంజిన్‌ను కిలోల లెక్కన అమ్మకండి. నూనె రాసి, గోనె చుట్టి దాచండి.

అధికారులకు ఒక్క విన్నపం. కొలిచి చూసి, బ్రేకు పరీక్ష పెట్టి, మంచి పనికి ముద్ర వేసే తేలిక పద్ధతి ఒకటి తీసుకురండి. అప్పుడు దొంగ పని దానంతటదే ఆగిపోతుంది. పాఠకులకు ఇంకొకటి. మీ ఊళ్లో ఇలాంటి మేస్త్రీ ఉంటే ఆయన అడిగిన కూలీ బేరమాడకుండా ఇవ్వండి, మీ కుర్రాణ్ణి ఒక వేసవి సెలవులు ఆయన దగ్గర పనికి పెట్టండి. ఈ విద్య పుస్తకంలో దొరకదు, ఆయన పక్కన నిలబడి నేర్చుకోవాల్సిందే.